డబ్బాల వరసలో నాయిన చూపు

రెండు చెవులకు రెండు మిషన్లు పెట్టుకోమన్న చోట ఒక్క చెవికి బేరం తెంపుకొచ్చినదాన్ని నేను. తార్నాకలో కూరగాయల బండ్లవాళ్లు నన్ను దూరం నుంచి చూసి బండి ఇంకో సందులోకి తిప్పుకుంటారంటే ఊరికే కాదు. విద్యానగర్‌లోని ఆ చెవి మిషన్ల దుకాణాన్ని వాళ్లు క్లినిక్ అంటారు. గల్లాపెట్టె ఉన్న చోటల్లా నా లెక్కలో దుకాణమే. తెల్లకోటు అమ్మాయి జత ధర చెప్పగానే నేను సంచీ సర్దుకుని లేచాను. లేవడం బేరంలో మొదటి మెట్టు. తలుపు దాకా నడవడం రెండోది.

"ఆంటీ, కూర్చోండి. ఇది చీరె కాదు, చెవి," అన్నది ఆ అమ్మాయి.

"చీరైతే ఇంకా సగానికి అడిగేదాన్ని బిడ్డా. నాకు ఒకటి చాలు. ఒకదానికి చెప్పు."

"రెండు చెవులూ ఒక్కతీరుగ తగ్గినయి ఆంటీ. పైగా మీకు నీటికాసులున్నయి, పక్కల చూపు పోయింది. పక్కల నుంచి ఏమొస్తున్నదో కండ్లు చెప్పనప్పుడు చెవులే చెప్పాలె. ఒక్క చెవితోని చప్పుడు వినపడ్తది గని, ఎటు దిక్కు నుంచి వస్తున్నదో తెల్వది."

నా కూతురు లత పక్కన తల పట్టుకుని కూర్చుంది. "అమ్మా, పైసలు నేను కడ్తున్న. జర గమ్మునుండవా?"

"నీ పైసలైతే ఇంకా గట్టిగ ఆడాలె బేరం," అన్నాను.

ఆఖరికి ఒక మిషను, ఏడాదికి సరిపడా బ్యాటరీలు ఊరికే, పైన తుడుచుకునే గుడ్డ ఒకటి. బయటికొచ్చి ఆటో ఎక్కినప్పుడు ఏదో కోట గెలిచినట్టు కూర్చున్నాను. లత బౌద్ధనగర్‌లో తన ఇల్లు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఒకవేళ మాట్లాడిందేమో. ఆమె నాకు మిషను లేని పక్కన కూర్చుంది.

ఆ గెలుపు పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు పొద్దున అలవాటు ప్రకారం క్యాంపస్‌లోకి నడకకు వెళ్లాను. ముప్పై ఏళ్లు అక్కడే ఆఫీసులో ఫైళ్లు కట్టిన మనిషిని, ఆ రోడ్డు మీద ఏ మలుపులో ఏ గుంత ఉందో నాకు కంఠపాఠమే. "సుశీలా మేడం!" అని ఎవరో పిలిచారు. పిలుపు కుడిపక్క నుంచి వినిపించింది. మిషను కుడిచెవికి ఉంది కాబట్టి నాకు లోకమంతా కుడిపక్క నుంచే పిలుస్తుందని అప్పటికి ఇంకా ఒంటబట్టలేదు. కుడికి తిరిగి రెండడుగులు వేశాను. పిలిచిన మనిషి ఎడమపక్క ఉన్నాడు, ఆ పక్క నుంచే మోటారు సైకిలు కూడా వచ్చింది. దాని హ్యాండిల్ నా సంచీకి తగులుకుని నన్ను రోడ్డు అంచున కూలేసింది.

"హారన్ కొడ్తనే ఉన్న గదా ఆంటీ! చూసుకోకుంట నడిమిట్లకొస్తరేంది?" అని ఆ కుర్రవాడు భయంతో అరిచాడు. పిలిచిన మనిషి మా పాత సెక్షన్ అటెండర్. నన్ను లేపి పిట్టగోడ మీద కూర్చోబెట్టి, "నేను గీడున్న మేడం, మీరు అటు పోతిరి," అని పదిసార్లు అన్నాడు. మోకాలు చెక్కుకుపోయి చీరెకు రక్తం అంటింది. నాకేమీ అనిపించలేదు. భయం లేదు, ఏడుపు లేదు. వేరెవరో పడ్డట్టు, నేను పక్క నుంచి చూస్తున్నట్టు ఉంది. నా అద్దాలు ఎక్కడో జారిపోయాయి. వాటి కోసం గోడ రాళ్ల మీద నా చేయి దానంతట అదే పాకడం మొదలుపెట్టింది. వేళ్ల వెనకభాగంతో, ఒక్కో రాయినీ తాకుతూ, ఎడమ నుంచి కుడికి. ఆ చేయి నాది కాదు. మా నాయినది.

మా దుకాణం తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌కు పోయే దారిలో ఉండేది. ముందు కిరాణం, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా పరదా. పరదాకు అటుపక్క అమ్మ పోపు వాసన, ఇటుపక్క కిరసనాయిలు, బట్టల సబ్బు, బెల్లం, ఎండుమిరప. రెండూ కలిసి మా బట్టలకు ఎంతగా పట్టేవంటే, బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను చూడకుండానే "దుకాణపోళ్ల పిల్ల వచ్చింది" అనేది. నాయిన పొద్దున పలకల తలుపు తీసి, గడపకు మొక్కి, సాంబ్రాణి పొగ తిప్పి, గోడకున్న మూడు వరసల డబ్బాలనూ ఒక్కొక్కటిగా వేళ్ల వెనకవైపుతో తాకుతూ పోయేవాడు. ఎడమ నుంచి కుడికి, పై వరస, నడిమి వరస, కింది వరస. అది దండం అనుకునేవాళ్లం మేమంతా. సరుకుకు మొక్కుతున్నాడని అమ్మ కూడా అనుకునేది. గిరాకీలు చూసి, "సేటుకు ఎంత భక్తో!" అనేవాళ్లు. నాయిన కాదనలేదు. భక్తి అనుకుంటే దుకాణానికి మంచిదే కదా. అది నిజానికి హాజరు పిలవడం.

చూపు ఆయనకు ఎప్పటినుంచి తగ్గిందో మాలో ఎవరికీ తెలియదు. సైకిలు మానేసినప్పుడు మోకాలి నొప్పి అన్నాడు. సాయంత్రం చుట్టాలింటికి పోవడం మానేసినప్పుడు గల్లా వదిలి ఎట్లా వస్తానన్నాడు. అద్దాలు పెట్టుకునేవాడు గాని అవి మౌలాలి గుట్ట కింద జాతరలో చాప మీద పోసి అమ్మినవి. నాలుగు జతలు మార్చి చూసి, బేరమాడి, ఏది చవకైతే అది తెచ్చుకున్నాడు. నా బుద్ధి ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఆ అద్దాలు చూపిస్తే సరిపోయేది. అయినా తూకంలో తేడా రాలేదు. రాళ్లు చేతితో గుర్తుపట్టేవాడు, నోట్లు పొడుగును బట్టి, చిల్లర అంచును బట్టి. మనుషుల్ని చెప్పుల చప్పుడుతో పట్టేవాడు. హవాయి చెప్పులు టపటపలాడితే హాస్టల్ పిల్లలు, తోలు బూట్లు కిర్రుమంటే క్వార్టర్స్ లెక్చరర్లు. మనిషి నోరు తెరవకముందే, "ఏంది సార్, ఇయ్యాల ఆలస్యమైంది?" అని పలకరించేవాడు. సేటు మన ముఖం మరిచిపోడని వాళ్లు మురిసిపోయేవాళ్లు. ముఖం ఆయన చూసి ఎన్నాళ్లయిందో.

దసరాకు ముందు మా దుకాణాల వాళ్లందరికీ ఒక పద్ధతి ఉంది. సరుకంతా బయట పెట్టి, గోడలకు సున్నం వేసి, మళ్లీ సర్దుకుంటాం. సర్దడం మాత్రం నాయిన ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అమ్మ డబ్బా అందిస్తే తాను పెట్టేవాడు. నాకు పందొమ్మిదేళ్లున్న ఆ ఏడు, సున్నం వేసిన రోజే భువనగిరిలో మేనత్త కొడుకు పెండ్లి పడింది. నాయిన పోతూ పోతూ, "నేనొచ్చినంక సదురుదం, మీరు ముట్టకుండ్రి," అన్నాడు. నేను అప్పుడే క్యాంపస్‌లో బీకాం చేరాను. వ్యాపారం ఎట్లా చేయాలో పుస్తకంలో చదివి ఉన్నాను, ఇంకేం కావాలి? ఎక్కువ పోయే సరుకు చేతికందే ఎత్తులో, తక్కువ పోయేది పైన. రెండు రోజులు అమ్మనూ నన్నూ సున్నంలో ముంచి మూడు వరసలనూ తిరగేశాను. డబ్బాలన్నీ ఒకే సైజువి కొత్తవి తెప్పించాను. చూసినవాళ్లంతా దుకాణం పట్నం తీరుగ అయిందన్నారు.

నాయిన తిరిగొచ్చి పొద్దున డబ్బాలు తాకడం మొదలుపెట్టాడు. మొదటి డబ్బా దగ్గర చేయి ఆగింది. మూత తీసి వాసన చూశాడు. రెండో డబ్బా, మూడో డబ్బా. తర్వాత చేయి దించేశాడు.

"ఎట్లున్నది నాయినా?" అన్నాను, మెప్పు కోసం.

"బాగున్నది బిడ్డా. మంచిగ సదిరినవ్."

ఏది ఎక్కడుందని ఆయన అడగలేదు. అడిగితే ఇన్నేళ్లూ ఎట్లా చూశాడో చెప్పాల్సి వస్తుంది. రెండు రోజులు, "బిడ్డా, జర నువ్వు తీసియ్యి, నడుము పట్టింది," అంటూ నెట్టుకొచ్చాడు. మూడో రోజు నేను కాలేజీలో ఉండగా, అమ్మ వెనక పప్పు రుబ్బుతుండగా, క్వార్టర్స్ నుంచి ఎకనామిక్స్ సార్ వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెల నెలా మా దగ్గరే సరుకులు. చిన్నకూతురికి దగ్గని కలకండ అడిగాడు. పాత వరసలో కలకండ ఉండే చోట ఇప్పుడు పటిక ఉంది. రెండూ తెల్లటి పలుకులే, చేతికి ఒక్కతీరే తగులుతాయి. వాసన చూద్దామంటే దుకాణమంతా సున్నం వాసనే.

మధ్యాహ్నం నేను వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఆ సార్ పొట్లం తెచ్చి గల్లా మీద కొట్టాడు. దుకాణం ముందు ఐదారుగురు గిరాకీలు ఉన్నారు.

"ఏమయ్యా సేటూ, పసిపిల్లకి పటిక ఇస్తావా? నోరంతా పూసి పొద్దుట్నుంచీ వాంతులు చేసుకుంటోంది!"

నాయిన పొట్లం తడిమి ఒక పలుకు నోట్లో వేసుకున్నాడు. ముఖం మారలేదు. "తప్పయింది సార్," అన్నాడు.

"తప్పయిందని తీరిగ్గా చెబుతావేంటి? కళ్లున్నాయా, లేవా నీకు?"

ఆయన మాటవరసకు తిట్టిన తిట్టు అది. నాకు మాత్రం ఆ క్షణంలో ఆగిన చేయి, వాసన చూసిన మూతలు, నడుము నొప్పి అన్నీ కలిసొచ్చి సంగతి అర్థమైపోయింది. దాంతోపాటే లెక్క కూడా తయారైంది. సార్ కోపంతో వెళ్తే క్వార్టర్స్‌లో పదిమందికి చెప్తాడు. జాలితో వెళ్తే మళ్లీ వస్తాడు.

"లేవు సార్," అన్నాను నేను. "మా నాయినకు కండ్లు కనపడవు."

బేరం కుదిరింది. సార్ గొంతు అప్పటికప్పుడు దిగింది. నాయినను వదిలేసి నా వైపు తిరిగి, "అయ్యో, ముందే చెప్పొద్దామ్మా! ఎప్పట్నుంచి కనబడదు మీ నాన్నగారికి?" అన్నాడు. నాయిన మా ఇద్దరికీ మధ్యలో గల్లా ముందే కూర్చుని ఉన్నాడు. పటిక పొట్లాన్ని పక్కకు జరిపి, "బిడ్డా, సార్‌కు కలకండ తూకమెయ్యి. పైసలు తీసుకోకు," అన్నాడు. అంతే.

ఆ రోజు నుంచి దుకాణంలో నాయినతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. చెడ్డతనంతో కాదు. ఉప్పు కావాలన్నా నన్నే అడిగేవాళ్లు, ఆయన బాగోగులు కూడా నన్నే అడిగేవాళ్లు. ఒకరిద్దరు చిల్లర లెక్క ఆయన చేతిలోంచి తీసుకుని తామే చూసుకునేవాళ్లు. చూపు లేకుండా అన్నేళ్లు దుకాణం నడిపిన మనిషి, చూపు లేదని తెలిసిన వారంలో నడపలేనివాడయ్యాడు. అప్పుడు కూడా ఒక దారి ఉంది. ఒకరోజు గల్లా కట్టేశాక ఆయనే అడిగాడు.

"బిడ్డా, పాత తీరుగ పెడుదమా డబ్బాలు?"

"ఇప్పుడెందుకు నాయినా? నేనున్న గద."

పాత వరస పెట్టడం రెండు గంటల పని. అప్పటికి కొత్త వరస నా చేతికి వచ్చేసింది, అమ్మకం కూడా పెరిగింది. నాయిన రెండోసారి అడగలేదు. కొన్నాళ్లకు కాలేజీ లేని వేళల్లా గల్లా మీద నేనే కూర్చున్నాను. ఆయన కుర్చీ పరదాకు అటుపక్కకు, పోపు వాసన వైపుకు పోయింది.

చెవులు పోయిన సంగతి అమ్మ కనిపెట్టింది, అదీ చాలా ఆలస్యంగా. ఒకరోజు వంటింట్లో ఇత్తడి బిందె జారి బండ మీద పడి ఇల్లంతా మోగింది. పక్కింటివాళ్లు తొంగి చూశారు. రెండు గజాల దూరంలో ఉన్న నాయిన తల తిప్పలేదు. ఎన్నాళ్లుగా అట్లా ఉందో చెప్పడానికి మా దగ్గర గుర్తేమీ లేదు. రోజూ మాట్లాడే మనిషికైతే ఫలానా రోజు నుంచి బదులు రావడం లేదని తెలుస్తుంది. మేము మాట్లాడటం మానేసి చాలా రోజులైంది.

కండ్లు ఒక్కటే పోయినప్పుడు ఆయనకు చెవులు సాయం వచ్చాయి. రెండూ పోయాక ఒకదాని పని ఇంకొకటి చేయడానికి లేకపోయింది. అమ్మ తన పద్ధతిలో తాను కొన్ని కట్టుబాట్లు చేసింది. కంచంలో అన్నం నడుమ, పప్పు కుడికి, పచ్చడి ఎడమకు, ఏనాడూ మార్చలేదు. భుజం మీద తడితే చాయ్, మోకాలి మీద తడితే స్నానం. కుర్చీ నుంచి స్నానాల గది దాకా కొబ్బరితాడు కట్టింది. ఒకసారి ఆరవేసిన తువ్వాలును తాడు మీద నుంచి తీయడం నేను మరిచిపోతే, దారి మూసేశారేమో అనుకుని ఆయన అక్కడే నిలబడిపోయాడు. అమ్మ చూసేదాకా అట్లాగే నిలబడ్డాడు. క్రమంగా తిండి తగ్గింది. పగలు నిద్రపోయేవాడు. గడ్డం గీసే మనిషి వచ్చి చెంప ముట్టుకుంటే ఉలిక్కిపడేవాడు. ముసలితనం అనుకున్నాం. ఆయనకు అప్పుడు అరవై రెండు. ఇప్పుడు నాకు అంతకంటే ఎనిమిదేళ్లు ఎక్కువ.

ఎవరైనా ఇంట్లోకి వస్తే నేల అదురుకో, తలుపు గాలికో ఆయనకు తెలిసేది. "ఎవలొచ్చిండ్రు?" అని అడిగేవాడు, తన గొంతు తనకు వినపడక పెద్దగా. చెవి దగ్గర నోరు పెట్టి, నాలుగుసార్లు అరిచి, ఫలానావాళ్లు ఫలానా పని మీద వచ్చారని చెప్పాలి. గల్లా దగ్గర గిరాకీలు నిలబడి ఉంటారు. నేను ఆయన చేతిని రెండు తట్లు తట్టి వచ్చేసేదాన్ని. ఆ రెండు తట్లకు మా ఇంట్లో అర్థం, ఏం లేదు అని.

క్యాంపస్‌లో పడ్డ తర్వాత లత నన్ను మళ్లీ విద్యానగర్ తీసుకుపోయి రెండో మిషను పెట్టించింది. నేను బేరమాడలేదు. తెల్లకోటు అమ్మాయి నవ్వి చాయ్ కూడా తెప్పించింది. ఈ కాలం మంచిదే. నాయినకు ఆ రోజుల్లో ఇట్లాంటివి దొరికి ఉంటే అని లత అంటుంది. దొరికేవేమో. కండ్లలోకి చుక్కలు వేస్తే నీటికాసులు అంత తొందరగా ముదరవట, నేను రోజూ వేసుకుంటున్నాను. లత ఫోను అక్షరాలు పెద్దవి చేసి ఇస్తుంది, స్టవ్ ఆపే చోట ఎర్రచుక్క అంటించి పోయింది. అయినా నలుగురు కూర్చున్న చోట అందరూ ఒక్కసారి మాట్లాడితే నాకు గోల తప్ప మాట అందదు. అందరూ నవ్వుతారు. ఏమైందని లతను అడుగుతాను. "ఏం లేదమ్మా, తర్వాత చెప్త," అంటుంది. దానికి మంచి మనసు, బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నాకు కోపం రాదు. ఇంకేదైనా వస్తుందేమోనని చూస్తాను, అదీ రాదు. ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందన్నది నేను అడగను.

నేను పోగొట్టింది నాయిన కండ్లను కాదు. అవి అంతకుముందే పోయాయి. చెవులనూ కాదు. ఆయన కూర్చున్న చోటును తీసుకున్నాను, దానికి బదులు అన్నం, చాయ్, తాడు ఇచ్చాం. ఇది న్యాయమైన మారకం అని చాలా ఏళ్లు అనుకున్నాను. మోకాలు మానేదాకా ఇంట్లో కూర్చున్నప్పుడు కాగితం తీసుకుని ఒక్క లెక్క మాత్రం తీశాను. పోయేదాకా ఆయన పరదా వెనక ఉన్నది ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో పక్కన కూర్చుని, చెవిలో నోరు పెట్టి, మొదటినుంచి చివరిదాకా ఏదైనా ఒక సంగతి నేను చెప్పింది ఎన్నిసార్లని.

ఒకటి, వాన పట్టి గిరాకీ లేని మధ్యాహ్నం. ఆ పొద్దున ఎవరెవరు వచ్చారో, ఏమేం కొన్నారో అన్నీ చెప్పాను. "చింతపండు ఎంతకిచ్చినవ్?" అన్నాడు. చెప్పాను. "తక్కువకిచ్చినవ్ బిడ్డా," అని చాలాసేపు నవ్వాడు. రెండోది, క్యాంపస్‌లో నాకు నౌకరీ వచ్చిన రోజు. ఆఫీసు ఎట్లా ఉందని అడిగాడు. గేటు నుంచి మెట్లెన్ని, తలుపు దాటితే నా బల్ల ఎన్ని అడుగులు, కిటికీ ఏ చేతి వైపు, బీరువాలు ఎన్ని, అన్నీ రెండుసార్లు చెప్పించుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మూడోది, నా పెండ్లి ఖాయమైన సంగతి చెప్పడం. కాగితం మీద మొదట మూడు అనే రాశాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ రోజు చెవిలో నోరు పెట్టి అరిచింది అమ్మ. నేను ఆఫీసు నుంచి వచ్చి పరదాకు ఇవతల గల్లా మీద కూర్చుని విన్నాను. అది నా లెక్కలోకి రాదు. మూడు కొట్టేసి రెండు అని రాశాను.